కత్తి లేకుండా వచ్చిన చుట్టం

శనివారం పొద్దున తొమ్మిదైనా పొట్టేలు ఇంకా బతికే ఉంది. బతికి ఉండటమే కాదు, కట్టేసిన తాడు ఎంత దూరం రానిస్తే అంత దూరం వచ్చి, నిర్మల ముద్దుగా పెంచుకుంటున్న కరివేపాకు మొక్కను మొదలంటా నమిలేసి, ఇంకేమైనా పెడతారా అన్నట్టు వంటగది వైపు చూస్తోంది. ఒంటిగంటకు కృతజ్ఞతా కూడిక. పాటలు, ప్రార్థన, వాక్యం, ఆ తర్వాత భోజనాలు. ఉల్లిగడ్డలు తరిగారు, మసాలా నూరారు, డేగిసా తళతళలాడేట్టు తోమి మూడు రాళ్ల పొయ్యి పక్కన పెట్టారు. డేగిసాలో పడాల్సిన ప్రాణి మాత్రం పెరట్లో నిలబడి నెమరు వేసుకుంటోంది.

నంద్యాల నూనెపల్లెలో ఆ వీధి వీధంతటికీ ఆ పొద్దున వినబడుతున్నది హన్నమ్మ గొంతే. ఆమె ఆళ్లగడ్డలో పిల్లకాయలకు ఎక్కాలు నేర్పీ నేర్పీ రిటైరైన టీచరు. ఉద్యోగం అయిపోయాక కొడుకు దగ్గర ఉందామని నంద్యాలకు వచ్చింది కానీ, ఆ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"నిర్మలా! పీరా యాడున్నాడో ఇంకోతూరి ఫోన్ జెయ్యి!"

"చేస్తానే ఉండానత్తా. రింగు పోతాంది, ఎవురూ ఎత్తల్యా," అంది కోడలు.

"ఎత్తకపోతే ఎట్ల? మొదటి బస్సుకే వస్తానన్న మనిషి! ఈ పొట్టేలు ఎప్పుడు తెగాల, ఎప్పుడు ఉడకాల, జనం ఎప్పుడు తినాల?"

పీరా అంటే ఆళ్లగడ్డలో మటన్ అంగడి పెట్టుకున్న పీరా. ఆయన భార్య అమీర్‌బీ. హన్నమ్మ అక్కడ కాపురం ఉన్నన్నాళ్లూ రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. హన్నమ్మకు పీరా తమ్ముడు, అమీర్‌బీ మరదలు. రక్తసంబంధం వెతికితే దొరకదు, వెతకాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. హన్నమ్మ ఇంట్లో క్రిస్మస్ అయినా, కొడుకు అజయ్ కుమార్ పెళ్లి అయినా, పొట్టేలు తెగాలంటే పీరా కత్తి పట్టాల్సిందే. ఆయన కోస్తేనే అమీర్‌బీ కూడా నిశ్చింతగా తింటుంది. లేకపోతే పప్పూ చారూ పోసుకుని, "కడుపు నిండిందిలే అక్కా" అని లేస్తుంది.

ఈసారి అమీర్‌బీ పప్పుతో లేస్తే కుదరదు. ఎందుకు కుదరదంటే, అది దేవుడి దగ్గర ఒప్పుకున్న మాట.

పోయిన ఏడాది హన్నమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. నిర్మలకు ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, సెలవు ఇవ్వలేదు. అజయ్ కుమార్‌కు తల్లిని లేపి కూర్చోబెట్టడం కూడా సరిగ్గా చేతకాదు. అప్పుడు ఎవరూ పిలవకుండానే అమీర్‌బీ రెండు చీరలు సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డ నుంచి దిగింది. మగడు అంగట్లో ఏం తింటున్నాడో, ఇంట్లో దీపం ఎవరు పెడుతున్నారో పట్టించుకోకుండా, హన్నమ్మ తనంతట తాను బాత్రూముకు నడిచే దాకా అక్కడే ఉండిపోయింది. స్నానం చేయించింది, తల దువ్వింది, కాలు మడవమని తిట్టింది. హన్నమ్మ జీవితంలో ఒక మనిషి చేత తిట్లు తిని కిక్కురుమనకుండా ఉన్నది ఆ నెల రోజులే. అదే గదిలో మూలన చాప పరచుకుని నమాజు చేసుకునేది. ఎదురు గోడకు బైబిలు వాక్యం క్యాలెండరు ఉంటే, "తీసేయమంటావా?" అని హన్నమ్మ మంచం మీద నుంచి అడిగింది. "ఉండనీ అక్కా. దేవుని మాటే గదా, అదేం జేస్తాది నన్ను," అంది అమీర్‌బీ.

ఆ మంచం మీదే హన్నమ్మ గట్టిగా, అమీర్‌బీ చెవిన పడేట్టుగానే మొక్కుకుంది. "ప్రభువా, నేను చేతికట్టె లేకుండా నీ మందిరానికి నడిచొస్తే, పొట్టేలును కోసి కృతజ్ఞతా కూడిక పెడతా. ఈ అమీర్‌బీని నా పక్కన కూసోబెట్టుకుని ఆ కూర ఇద్దరం తింటాం."

"నన్నెందుకక్కా ఇరికిస్తావు నీ దేవుని కాడ?" అని అమీర్‌బీ నవ్వింది. నవ్వినా, కళ్లు తుడుచుకుంది.

హన్నమ్మ నడిచింది. ఈస్టరు పండగకు కట్టె ఇంట్లో వదిలేసి, చర్చి మెట్లు తనే ఎక్కింది. పీరా సంతలో పళ్లు చూసి, వీపు తడిమి, బేరమాడి, మంచి పొట్టేలును ఏరి ఆటోలో నంద్యాలకు పంపించాడు. "కోసే నాటికి మొదటి బస్సుకు వస్తా, నా కత్తి నేనే తెచ్చుకుంటా," అన్నాడు. అంతా సవ్యంగానే ఉంది. అజయ్ కుమార్ నోరు తెరిచే వరకు.

అజయ్ కుమార్ మంచివాడు. నేను కాదనను. ఎరువుల అంగట్లో లెక్కలు రాస్తాడు, చర్చిలో సండే స్కూలు చూసుకుంటాడు. ఈ మధ్య పోస్టులో బైబిలు పాఠాలు తెప్పించుకుని చదువుతున్నాడు. కొత్తగా చదివినవాడికి ఉండే బాధే అతనికీ ఉంది. చదివింది ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే నిద్ర పట్టదు. సోమవారం సాయంత్రం అన్నం దగ్గర మొదలుపెట్టాడు.

"అమ్మా, పొట్టేలును పీరా మామ కోసేది నాకు మనసొప్పుతా లేదు."

"మరి నువ్వు కోస్తావా? కోడి కాళ్లు కట్టేస్తే ఇంట్లోకి ఉరుకుతావు."

"అది కాదు. అంగట్లో కొన్నది వేరే. అంగట్లో అమ్మేది ఏదైనా అడక్కుండా తినమని పౌలు గారే చెప్పినాడు. ఇది దేవునికి మొక్కుకున్న జీవం. దాని మీద వాళ్ల మాట చదివినాక అది మన కృతజ్ఞత ఎట్లయితాది? విగ్రహాలకు అర్పించింది, నెత్తురు, గొంతు పిసికి చంపింది ముట్టొద్దని అపొస్తలులు రాసి పంపినారు."

"నెత్తురు గూడా వద్దనే రాసినారు గదా?"

"రాసినారు."

"పోయిన క్రిస్మస్‌కు నల్ల వేపుడు మళ్లీ మళ్లీ పెట్టించుకున్నది ఎవరు? అపొస్తలులా?"

నల్ల అంటే గడ్డ కట్టిన నెత్తురు. అజయ్ కుమార్‌కు అదంటే ప్రాణం. నిర్మలకు పొలమారింది. మగడు చూస్తున్నాడని నీళ్ల చెంబు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

వాదనలో గెలిచింది హన్నమ్మే. కానీ అజయ్ కుమార్ మొహం మాడ్చుకుని, "నాకైతే మనసొప్పల్యా, అంతే," అని చేయి కడుక్కున్నాడు. మనసొప్పలేదు అన్నవాడితో ఏం వాదిస్తారు? హన్నమ్మ ఒంటికాలి మీద లేచింది. ఆ కోపంలో ఏం చేయకూడదో అదే చేసింది. అమీర్‌బీకి ఫోన్ చేసి, కొడుకు అన్న మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

అవతల అమీర్‌బీ, "పిల్లోడు తప్పేమన్నాడక్కా? వాని కితాబు వానికుంటాది గదా. నువ్వు ఊరికే బాధపడాకు, నడిచేటప్పుడు సూసి నడువు. మేం వస్తాం," అని పెట్టేసింది.

ఆ 'వస్తాం' విన్నాక హన్నమ్మకు అన్నం సహించలేదు. వస్తారు సరే. వచ్చి పప్పు తిని పోతారు. దేవుడి ముందు తను ఆడిన మాట ఏం కావాలి? కాలు మడవమని తిట్టిన మనిషికి తన పక్కన కూర్చుని ఒక ముక్క తినే భాగ్యం లేకపోతే, ఈ మోకాలు బాగై ఏం లాభం?

బుధవారం ప్రార్థన అయిపోగానే కొడుకు చెయ్యి పట్టుకుని పాస్టరు ప్రభుదాసు అయ్యగారి ఇంటికి లాక్కుపోయింది. అయ్యగారు ముసలాయన, నెమ్మదైన మనిషి. ఏం అడిగినా ముందు టీ తాగుతారు. తాగాక గానీ జవాబు రాదు. ఆ రోజు కూడా గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇద్దరి మాటలూ విన్నారు.

"అజయ్, పీరా కోసేటప్పుడు ఏమంటాడు?"

"బిస్మిల్లా అంటాడయ్యగారూ."

"దేవుని పేరట అని గదా దాని అర్థం. దీంట్లో విగ్రహం యాడుంది? విగ్రహం అనే మాట వాళ్ల కాడ అంటే మనకంటే ముందు వాళ్లే లేస్తారు. అరబ్బు దేశాల్లో మనోళ్లు ఉండారు గదా, క్రైస్తవులు, వాళ్లు ప్రార్థనలో దేవుణ్ణి ఏమని పిలుస్తారో ఎరికేనా? అల్లా అనే పిలుస్తారు. వాళ్ల బైబిల్లో అట్లనే ఉంటాది."

అజయ్ కుమార్ నీళ్లు నమిలాడు. "మనం వాళ్లు కోసింది తింటే సరే. మనం కోసింది వాళ్లు తినరెందుకు మరి?"

"వాళ్లను అడిగినావా?"

"లేదు."

"నేనూ అడగల్యా. ఇన్నేండ్లు ఈ ఊర్లో ఉండి గూడా అడగల్యా, నాకు తెల్దు," అన్నారు అయ్యగారు, దాచుకోకుండా. "కానీ పౌలు గారి మాట పట్టుకుంటివి గదా, ఆయనే ఇంకో మాట గూడా చెప్పినాడు. నా తిండి నా తోటివానికి అడ్డమైతే నేను మాంసమే ముట్టనన్నాడు. పీరా కోస్తే నువ్వు తినడానికి వాక్యంలో అడ్డం లేదు. వేరేవాళ్లు కోస్తే ఆ తల్లి తినలేదు. అట్లాంటప్పుడు తగ్గాల్సింది ఎవురప్పా?"

ఇంటికి వచ్చాక అజయ్ కుమార్ గేటు దగ్గర ఆగి, "పీరా మామనే కోయనీమ్మా. నాకిప్పుడు ఏం లేదు, నిజంగానే లేదు," అన్నాడు. హన్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. కొడుకు తల మీద చెయ్యేసి నిమిరింది. మరి అమీర్‌బీకి ఫోన్ చేసి చెప్పిందా? చెప్పలేదు. సద్దుమణిగిన మాటను మళ్లీ ఎందుకు కెలకాలి, పీరా వస్తానని ఎప్పుడో అన్నాడు కదా అనుకుంది. టీచరు బుర్ర అంతవరకే పనిచేసింది.

అందుకే శనివారం తొమ్మిదైనా పొట్టేలు బతికి ఉంది.

చివరికి ఎలాగో ఫోన్ కలిసింది. అవతల బస్సు మోత, హారన్లు, మధ్యలో అమీర్‌బీ గొంతు.

"శిరివెళ్ల దాటినామక్కా! వచ్చేస్తాండాం!"

"ఇప్పుడా దాటేది? సరే గానీ, పీరా కత్తి తెచ్చుకున్నాడా, ఈడ ఎవుర్నన్నా అడగాల్నా?"

"కత్తా? కత్తెందుకక్కా?"

"ఎందుకేందే! పొట్టేలును కోయద్దా?"

"ఇంకా కోయల్యా మీరు? యా అల్లా! మీరు కోసుకుని ఉంటారని గదా మేం తిన్నగా వస్తాండాం!"

"మేమెందుకు కోస్తాం? పీరా కోస్తాడని పొద్దున్నుంచి సూస్తాండాం!"

అప్పుడు, బస్సు గుంతలో పడి లేచినప్పుడల్లా తెగుతూ అతుకుతూ, సంగతి బయటపడింది. సోమవారం ఫోన్ పెట్టేశాక పీరా అంగట్లో సరిగ్గా మాట్లాడలేదట. శుక్రవారం నమాజు అయ్యాక మసీదులో నమాజు చేయించే హజ్రత్ దగ్గర కూర్చుని, "క్రైస్తవులు కోసింది మేం తినొచ్చునా?" అని అడిగాడట. ఎన్నో ఏళ్లుగా పొట్టేళ్లు కోస్తున్న మనిషి ఆ మాట మొట్టమొదటిసారి అడిగాడు. హజ్రత్ కితాబు తీసి చూపించాడట. గ్రంథం ఉన్నవాళ్ల అన్నం మీకు హలాల్, మీ అన్నం వాళ్లకు హలాల్ అని ఖురాన్‌లోనే ఉందట.

"దేవుని పేరు చెప్పి, నెత్తురు పోయేటట్టు కోస్తే చాలన్నాడక్కా. వేరే తీరుగా చెప్పే పెద్దోళ్లు గూడా ఉండారు, నా మనసుకు మాత్రం ఇదే సరి అన్నాడు. ఇన్నేండ్లు మాకే తెల్దు సూడు! ఇంగ ఈయన, అజయ్ మనసు మనమెందుకు నొప్పించాల, వాళ్ల మొక్కు వాళ్లనే కోసుకోనీ, మనం పోయి కడుపునిండా తినొద్దాం అన్నాడు. ఈయన కొయ్యడని ముందే జెప్తే అలిగినామనుకుంటారని జెప్పల్యా."

హన్నమ్మ ఫోన్ పట్టుకుని స్టూలు మీద కూలబడింది. కొడుకును చూసింది, పొట్టేలును చూసింది.

"వాళ్ల కోసరం మనం తగ్గితిమి, మన కోసరం వాళ్లు తగ్గిరి. రెండు కితాబులూ కలిసి నా పొట్టేలును బతికించినాయి గదరా నాయనా!" అని పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే గడియారం గుర్తొచ్చి మళ్లీ అరవడం మొదలుపెట్టింది.

అజయ్ కుమార్ బండి తాళం తీసుకున్నాడు. "మటన్ అంగడికి పోయి కూర తెస్తానమ్మా. అంగట్లోది అడక్కుండా తినమన్నాడు గదా పౌలు గారు."

"నేను మొక్కింది పొట్టేలును. అంగడిని కాదు. పోతే పో, కూర కాదు, కత్తి తే. పీరా రాంగానే కోస్తాడు."

అతను కత్తి అడిగి తెచ్చేసరికి వీధి గేటు ముందు ఆటో ఆగింది. హన్నమ్మ, "తమ్ముడా, బేగా లుంగీ కట్టుకో" అనే మాట నాలుక చివరన పెట్టుకుని వరండాలోకి వచ్చింది.

పీరా దిగాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, తెల్ల పైజామా, నెత్తిన కొత్త టోపీ. గడ్డం కత్తిరించుకున్నాడు. అత్తరు వాసన గేటు దాటి లోపలికి వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. వెనకే అమీర్‌బీ, రంజాన్‌కు తప్ప కట్టని ఆకుపచ్చ చీరలో. పీరా మొహంలో పండగకు చుట్టాలింటికి పోతున్న పిల్లవాడి సంబరం ఉంది.

హన్నమ్మ ఆయన్నే చూస్తూ నిలబడింది. ఈ మనిషి తన ఇంటికి ముందు గేటులోంచి రావడం తను ఎప్పుడైనా చూసిందా? ఆళ్లగడ్డలో ఎన్ని పండగలు, ఎన్ని ప్రార్థన కూటాలు! ప్రతిసారీ తెల్లవారకముందే పెరటి దారిన వచ్చేవాడు. పాత లుంగీ, మాసిన బనియను. కోసి, తోలు తీసి, ముక్కలు కొట్టి, పేగులు కూడా కడిగి ఇచ్చి, చుట్టాలు వచ్చే వేళకు అంగడికి పోయేవాడు. 'పీరా మా ఇంటి మనిషి' అని తను అందరికీ గొప్పగా చెప్పుకునేది. ఇంటి మనిషి అని పని చెప్పింది. చుట్టమని ఒక్కనాడూ పిలవలేదు. అంత సిగ్గు ఆమెకు జన్మలో వేయలేదు.

పీరా అప్పటికే పరిస్థితి చూసి నవ్వుతూ చొక్కా చేతులు మడుస్తున్నాడు. "దీనికేముందక్కా! ఒక లుంగీ ఇయ్యి, బేగా అయిపోతాది."

"కూసో."

"అది కాదక్కా, జనం వచ్చే వేళయింది…"

"కూసోమంటాండా!" ఆ గొంతుకు ఆళ్లగడ్డలో రౌడీ పిల్లకాయలే బెంచీ ఎక్కేవారు. పీరా కుర్చీలో కూర్చున్నాడు. "చుట్టంగా వస్తివి, చుట్టంగానే ఉండాల. ఈ పొద్దు నీ చేతికి నెత్తురంటితే నా మొక్కు చెల్లదు."

"మరి ఎవురు కోస్తారు?"

హన్నమ్మ తిరిగి కొడుకును చూసింది. కత్తి అతని చేతిలోనే ఉంది. అజయ్ కుమార్ వెనక్కి చూశాడు, అక్కడ ఎవరూ లేరు.

"నేనా? అమ్మా, నేను కోడిని గూడా…"

"వాక్యం జెప్పేటప్పుడు ఉన్న ధైర్యం ఇప్పుడు యాడికి పోయె? కోస్తే నువ్వే కోయాల. నువ్వు కోసింది వాళ్లు తింటామని వచ్చినారు."

ఆ చివరి మాటకు అజయ్ కుమార్ తల ఎత్తి పీరాను చూశాడు. పీరా అవునన్నట్టు తలూపాడు. అంతే, లోపలికి పోయి ప్యాంటు విప్పి లుంగీ కట్టుకొచ్చాడు.

పెరట్లో నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసి పీరాను కూర్చోబెట్టారు. ముందుగా వచ్చిన ప్రభుదాసు అయ్యగారు చొక్కా చేతులు పైకి మడుచుకుని పొట్టేలు కాళ్లు పట్టుకున్నారు.

"ముందు నీళ్లు తాపప్పా," అన్నాడు పీరా కుర్చీలోంచి. "కత్తి దానికి కనపడనీయాకు. పాపం, దానికి భయం."

"మీరు తల ఏ దిక్కుకు పెడతారు మామా?"

"మేం పడమరకు పెడతాం. మీరు?"

"మాకు దిక్కు లేదు మామా."

"ఏం మాటరా అది, శుభమా అని!" అని వంటగది గుమ్మంలోంచి హన్నమ్మ కసిరింది. పెరడంతా నవ్వింది. అజయ్ కుమార్ పొట్టేలు తలను పడమరకే తిప్పాడు.

"ఏమని చెప్పాల?"

"నీకు తెలిసిన దేవుని పేరు చెప్పుకో. ఆయనకు తెలుస్తాది."

అజయ్ కుమార్ కళ్లు మూసుకున్నాడు. సండే స్కూలు అలవాటు ఎక్కడికి పోతుంది? ఆదాము దగ్గర మొదలుపెట్టి ప్రార్థన అబ్రాహాము దాకా వచ్చింది. పొట్టేలు కూడా కళ్లు మూసింది.

"బేగా కానీ అప్పా," అన్నాడు పీరా మెల్లగా. "ఇంకాసేపుంటే అది గూడా ఆమేన్ అంటాది."

"ఆకాశాన్నీ భూమినీ చేసిన దేవా, నీ పేరట," అని అజయ్ కుమార్ ఒక్క ఊపున కత్తి లాగాడు. తెగాల్సింది తెగింది. నెత్తురంతా మట్టిలోకి పోయేదాకా అయ్యగారు కాళ్లు వదల్లేదు. పీరా కుర్చీలోంచి లేచి నిలబడి చూసి, "సరిగ్గా కోసినావు," అన్నాడు. ఆ మాట వినగానే అజయ్ కుమార్ గట్టు మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నిర్మల నీళ్లు తెచ్చి మొహం మీద చల్లింది.

ఆ తర్వాత పీరా పడ్డ అవస్థ చూడాలి. తోలు తీయడం చూడలేడు, లేవడానికి వీల్లేదు. "అట్ల కాదు! గుద్దుతో తోయాల, గుద్దుతో! అయ్యో, చిరిగిపాయె!" అని లేస్తాడు. అమీర్‌బీ భుజం పట్టి మళ్లీ కూర్చోబెడుతుంది. ముక్కలు కొట్టే దగ్గరకు వచ్చేసరికి చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఒక్కో ముక్క పిడికిలంత, దాని పక్కది గోటంత.

ఆ రోజు కూడికలో ప్రభుదాసు అయ్యగారి ప్రసంగం ఎప్పుడూ లేనంత పొడుగు సాగింది. కూర ఉడికేదాకా ఆపొద్దని నిర్మల సైగ చేసింది మరి. షామియానా కింద మసాలా వాసన తిరుగుతుంటే అయ్యగారు వాక్యం మీద వాక్యం ఎత్తుకుంటూ పోయారు, జనం ఓపిగ్గా ఆమేన్లు పలికారు. హన్నమ్మ అందరి ముందూ కట్టె లేకుండా నడిచి వచ్చి మైకు అందుకుంది. సాక్ష్యం చెబుదామని నోరు తెరిచి, ఆడవాళ్ల వరసలో కొంగు కప్పుకుని కూర్చున్న అమీర్‌బీని చూపించి, "ప్రభువు నన్ను లేపినాడు. లేపడానికి ఎవుర్ని పంపిచ్చినాడో సూడండి," అంది. అంతే చెప్పి మైకు అయ్యగారికి ఇచ్చేసింది.

భోజనాల దగ్గర అమీర్‌బీని తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకుంది. అన్నం వచ్చింది, కూర వచ్చింది. హన్నమ్మ చెయ్యి పెట్టకుండా అమీర్‌బీ చేతినే చూస్తోంది. హజ్రత్ సరే అన్నాడు, పీరా సరే అన్నాడు. ఇన్నేళ్ల అలవాటు సరే అనాలి కదా? అమీర్‌బీ పెదవులు కదిలాయి, బిస్మిల్లా అని వినీ వినబడకుండా అంది. ముద్ద కలిపి, ముక్క పెట్టుకుని, నోట్లో వేసుకుంది. నింపాదిగా నమిలింది.

"కారం తగ్గింది అక్కా," అంది.

ఆ మాటకు హన్నమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "తగ్గిందా? తగ్గితే కారంగా ఊరిమిండి నూరించి తెప్పిస్తా, నువ్వు తినే తల్లీ," అని తనూ ముద్ద ఎత్తుకుంది. ఆ కూర అంత రుచిగా ఉందో లేదో నేను చెప్పలేను. హన్నమ్మకు మాత్రం అంత రుచైన కూర ఎప్పుడూ ఎక్కడా తగల్లేదు.

ఎదుటి వరసలో, మొదటి పంక్తిలో, అయ్యగారి పక్కన పీరా కూర్చున్నాడు. అజయ్ కుమార్ కూర గిన్నె పట్టుకుని తానే వడ్డిస్తున్నాడు. పీరా విస్తట్లోంచి ఒక ముక్కను పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురప్పా ఈ ముక్కలు కొట్టింది? నా అంగట్లో అయితే ఆ పొద్దే పనిలోంచి తీసేస్తా!"

పంక్తి అంతా గొల్లుమంది. అజయ్ కుమార్ సిగ్గుపడుతూ ఇంకో గరిటె వేశాడు. కూర పొగలు కక్కుతోంది. పీరా ముక్క కొరికి, వేడికి నోరు తెరిచి ఉఫ్ ఉఫ్ మని ఊదుకుని, మింగి, ఎదుటి వరసలో హన్నమ్మను చూశాడు. ఫిర్యాదేం లేదు ఆ మొహంలో, ఉన్నదంతా సంతోషమే.

"అక్కా, మీ ఇంటి పొట్టేలు కూర ఎప్పుడూ రాత్రికి క్యారియర్‌లో పంపిస్తాంటివి, సల్లగా అయినాక తింటాంటిని. ఇంత వేడిగా ఉంటాదని ఇన్నేండ్లు నాకు తెల్దు."

హన్నమ్మ మోకాలు పట్టుకుని లేచి, కొడుకు చేతిలోని గరిటె తీసుకుని, గిన్నెలో అడుగు దాకా కలిపి, పొగలు వస్తున్న కూర తమ్ముడి విస్తట్లో వేసింది.